బంగారం కొనాల్సిన డబ్బుతో పాత స్విఫ్ట్

పోయిన ఉగాదికి మా పాప ఇంటికొచ్చింది. నేను ఓళిగలకు పూర్ణం రుబ్బుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, "అమ్మా, నాకొక పాత కారు కావాల. రోడ్డు మీద తోలేదానికి కాదు" అంది.

"రోడ్డు మీద తోలకుండా ఇంకేడ తోలతావు, మిద్దె మీదనా?" అన్నాను. నవ్వలేదు. అప్పుడే తెలిసింది నాకు, ఇది ఒకరోజుతో తేలే మాట కాదని.

మాది తిరుమల. మీరందరూ వచ్చి దర్శనం చేసుకుని లడ్డూలు పట్టుకుని వెళ్ళే తిరుమల కాదు, బాలాజీనగర్‌లో కాపురాలుండే తిరుమల. మావారికి చిన్న కొట్టు ఉంది. పాప మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, శ్రీపెరుంబుదూరు దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తోంది. మూడేళ్ళు ఉద్యోగం చేసి నాలుగున్నర లక్షలు వెనకేసింది. ఆ డబ్బు మీద మా ఇంట్లో అందరికీ ఒక్కో లెక్క ఉంది. మా అత్త లెక్కలో అది నాలుగైదు సవర్ల బంగారం. మావారి లెక్కలో పెళ్ళి ఖర్చుకు ఆసరా. పాప లెక్కలో మాత్రం అది ట్రాక్ మీద తోలుకునే కారు.

ట్రాక్ అంటే ఏమిటో నాకూ అప్పటిదాకా సరిగా తెలీదు. టీవీలో చూసే పందెమే అనుకున్నా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మావారు కొట్టు మూసి మరీ చూశారు. ఇది అది కాదంది పాప. ట్రాక్ డే అంటే పందెం కాదు. ట్రాక్‌ను ఒకరోజుకి తీసుకుని, డబ్బు కట్టినవాళ్ళను వాళ్ళ అనుభవాన్ని బట్టి గుంపులుగా విడగొట్టి, ఎవరి కారు వాళ్ళను తోలుకోనిస్తారు. ఎక్కడంటే అక్కడ దాటకూడదు, జెండా చూపిస్తే ఆగాలి, పక్కన నేర్పించేవాళ్ళు కూర్చుంటారు. ఆటోక్రాస్ ఇంకో రకం. మట్టి మైదానంలో ప్లాస్టిక్ శంకువులు పెట్టి దారి గీస్తారు. ఒకసారికి ఒకే కారు. ఎదురు వచ్చేవాళ్ళు ఉండరు, పక్కన ఎవరూ ఉండరు. గడియారంతోనే పోటీ. శంకువుకి తగిలితే సెకన్లు కలుపుతారు. మన ముగ్గులో చుక్క తప్పితే మళ్ళీ మొదలుపెట్టినట్టే అనిపించింది నాకు.

మా అత్తకి ఇదంతా చెబితే, "ఆడబిడ్డకి కార్ల పందేలేంది? మన ఇండ్లల్లో యాడైనా ఉందా?" అంది. ఉందని నేను అనలేకపోయా. మా మేనమామ ఒకాయన మాత్రం వయసులో ఉన్నప్పుడు పుత్తూరు నుంచి రైలెక్కి మద్రాసు పోయి షోలవరంలో కార్ల పందేలు చూసొచ్చేవాడు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన పట్టీ అది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు అసలైన ట్రాక్ కట్టేదాకా మద్రాసు పందేలంటే షోలవరమే. ఆయన చొక్కా నిండా దుమ్ముతో తిరిగొస్తే మా అమ్మమ్మ గుమ్మంలోనే స్నానం చేయించేదట. ఆ కథ చెబితే అత్త "మొగోళ్ళు పోయినారులే" అని ఊరుకుంది.

నేను ఒప్పుకున్నది ఆ కథ వల్ల కాదు. నాకు తెలిసిన ఇంకో సంగతి వల్ల. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా.

పాప ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా ఒకరోజు నేను తిరుపతిలో సరుకులు తీసుకుని బస్సెక్కా. అలిపిరి దగ్గర తనిఖీకి బస్సు ఆగితే, మా ఇంటి కారు ఇంకా వెనక వరసలో ఉంది. పాప తోలుతోంది. చెయ్యి ఊపాను, చూడలేదు. మా బస్సు ముందు బయలుదేరింది. దోవలో సగం దాటాక మా కారు మమ్మల్ని దాటేసి పోయింది. ఎక్కడ దాటిందో చెప్పను, ఆ మలుపు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. పైకి వచ్చాక చూస్తే టోల్‌గేటుకి కాస్త ముందు చెట్టు కింద కారు ఆపి, ఫోను చూసుకుంటూ కూర్చోనుంది.

కొండమీద వాళ్ళకి ఇది అర్థమవుతుంది, కింద వాళ్ళకి చెప్పాలి. ఘాట్ రోడ్డుకి సమయం లెక్క ఉంటుంది. అప్పట్లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు. కింద చీటీలో వేసిన సమయానికి అంతకన్నా తక్కువలో వస్తే జరిమానా. ప్రాణాల కోసం పెట్టిన నియమం. కుర్రకారు ఏం చేస్తారంటే, దోవలో ఇష్టమొచ్చినట్టు తోలి, గేటు ముందు ఆపుకుని, మిగిలిన నిమిషాలు గడిపి, బుద్ధిమంతుల్లాగా చీటీ చూపిస్తారు. నా కూతురు కూడా అదే చేసింది. కుర్రకారు అంటే మగపిల్లలే అని ఎందుకు అనుకున్నానో నేను!

1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసేదాకా మా కొండకి నడకో, డోలీనో. 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు రెండోదాంట్లో ఎక్కుతాం, మొదటిదాంట్లో దిగుతాం. ఏదైనా 20 కిలోమీటర్ల లోపే. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మధ్యలో ముసలీ ముతకా పసిపిల్లలూ ఉన్న వ్యాన్లు. నా బిడ్డకి వేగం పిచ్చి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పిచ్చి ఉపదేశాలతో పోదని కూడా తెలుసు. దానికి చోటు ఎక్కడ చూపిస్తామన్నదే మన చేతిలో ఉంది. ఇంట్లో "ట్రాక్ వద్దు" అని గట్టిగా చెప్పే పెద్దవాళ్ళు, అదే పిల్ల జాతీయ రహదారిలో 120లో పోతుంటే "మా పాప భలే తోలతాది" అని మురిసిపోతారు. నాకు అది తలకిందుల వ్యవహారం అనిపిస్తుంది. ట్రాక్ మీద ఎదురు బండి రాదు, ఆవు రాదు, అంబులెన్సు మాత్రం పక్కనే నిలబడి ఉంటుంది.

పాప ఫోనులో ఒక వీడియో చూపించింది. అమెరికాలో పైక్స్ పీక్ అని ఒక కొండ. దాని రోడ్డు మన ఘాట్ అంతే, 20 కిలోమీటర్లు, 156 మలుపులు. ఏడాదికొకసారి ఆ రోడ్డు మూసేసి పైకి పందెం పెడతారు. 1985లో మిషెల్ మూటాన్ అనే ఫ్రెంచి ఆవిడ ఆ కొండని మగవాళ్ళందరికన్నా తక్కువ సమయంలో ఎక్కి రికార్డు పెట్టింది. అప్పటికి అది మట్టిరోడ్డు. "చూడవ్వా, ఆడమనిషే" అని నానమ్మకి చూపించింది. అత్త కళ్ళజోడు సర్దుకుని చూసి, "రోడ్డు మూసేసినారు కదా, అదీ పద్ధతి" అంది. ఆవిడకి తెలియకుండానే నా తరఫున మాట్లాడింది.

సరే, కారు కొనాలి. ఏ కారు? ఇక్కడ మొదలైంది అసలు పంచాయితీ.

మా బావగారు (మావారి అన్న) చిత్తూరులో ఉంటారు. ఆయన సలహా: "ఎట్లా కొంటున్నారు కాబట్టి ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ కొనండి. ట్రాక్‌కూ పోతాది, పెళ్ళయినాక కాపురానికీ పనికొస్తాది." వినడానికి ఎంత బాగుందో! కానీ బిందె తల మీద పెట్టుకుని మలుపు తిరగడం వేరు, చంకన పెట్టుకుని తిరగడం వేరు. బరువు ఎంత ఎత్తులో ఉంటే మలుపులో అంత తూలుతుంది. ఎత్తు బండి బరువు కూడా ఎక్కువ, ఆ బరువునంతా ఆపాల్సింది బ్రేకులే. కాపురానికి మంచిదే, ఈ పనికి కాదు.

మావారు, "మనింటి డీజిల్ కారే తీసుకుపో, ఊరికే ఖర్చెందుకు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ సోమవారం పొద్దున కొట్టుకి సరుకు తేవాల్సిన బండిని ఆదివారం ట్రాక్‌లో విరగ్గొట్టుకుంటే ఏం చేస్తాం? అప్పుడే మావారే బీరువాలోంచి ఇన్సూరెన్స్ కాగితం తీసి చదివారు. బుద్ధిగా చదివితే ఎంత విలువైన కాగితమో అది. పందేలకి, వేగపు పరీక్షలకి వాడేటప్పుడు జరిగిన నష్టానికి మన మామూలు పాలసీ వర్తించదని అందులోనే రాసుంది. మీ ఇంట్లోదీ తీసి చూడండి, "వాడకానికి పరిమితులు" అన్న చోట ఉంటుంది. అంటే ట్రాక్ మీద ఏది వంగినా, విరిగినా మన జేబులోంచే.

నా అభిప్రాయం అక్కడ గట్టిపడింది. ఈ సరదాకి కొనే కారు, రేపు సాయంత్రానికి ముద్దయిపోయినా మన ఇంట్లో పొయ్యి వెలగడం ఆగని కారై ఉండాలి. ఎంత వేగంగా పోతుందన్నది తరువాత సంగతి. పాప మొదట దీనికి ఒప్పుకోలేదు.

ఎందుకంటే దాని మనసు పోలో జీటీ టీఎస్‌ఐ మీద ఉంది. ఆ కారు ఫొటో దాని ఫోనులో మా ఫొటో ఉండాల్సిన చోట ఉండేది. ఫోక్స్‌వాగన్ వాళ్ళు 2022లో మనదేశంలో పోలో అమ్మకం ఆపేశారు, కాబట్టి మంచివి దొరికితే పాతవైనా ధర దిగదు. చిన్న ఇంజనుకి టర్బో, తొక్కితే వెన్ను సీటుకి అతుక్కుంటుందట. చూసొచ్చిన బండికి నాలుగు లక్షల డెబ్బై వేలు చెప్పారు. అంటే దాని డబ్బంతా పోయి మా దగ్గర ఇరవై వేలు అప్పు. తిరుపతిలో మాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ అన్న ఒక్క మాట అన్నాడు. "పాపా, బండి బాగుందిమ్మా. ఆ ఆటోమేటిక్ గేరుబాక్సులో పని పడితే బిల్లు లక్ష దాటుతాది. అప్పుడు ఆ బండిని నువ్వు ట్రాక్‌కి తోలవు, ఇంట్లో పెట్టి తుడుస్తావు." ఆ మాట నాకు సూటిగా తగిలింది. పెళ్ళిపట్టు చీర కట్టుకుని వంటింట్లోకి పోతే మన చేతులు ఎట్లా ముడుచుకుపోతాయో, అట్లాగే కదా! పోతుందని భయపడే కారులో నేర్చుకునేది ఏమీ ఉండదు.

పాప దాంతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే ఫోను చేసి, "పాత హోండా సిటీ వీటెక్ చూద్దామా" అంది. 2000 తర్వాత వచ్చిన మొదటి తరం సిటీకి ట్రాక్ వాళ్ళల్లో ఇప్పటికీ మంచి పేరు, ఆ 1.5 వీటెక్ ఇంజను పాటలాగా పాడుతుందని చెప్పింది. కానీ మన రాష్ట్రంలో పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ మళ్ళీ రాయించుకోవాలి, ఐదేళ్ళకోసారి. పైగా సామాను కోసం ఎక్కడెక్కడో వెతకాలి. అదీ వదిలేశాం. మారుతి ఎస్టీమ్ కూడా అంతే. శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద ఏళ్ళ తరబడి పరిగెత్తిన కారు, ఇప్పుడు మంచిది దొరకడమే కష్టం. ఆల్టో కే10 కొనమన్నాడు మెకానిక్ అన్న, తేలిక, చవక. పాప పొడుగు, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల పైన తగిలింది. ఇట్లాంటివి ఏ కాగితంలోనూ రాయరు. హెల్మెట్ తీసుకుని పోయి కూర్చుని చూడాల్సిందే.

చివరికి స్విఫ్ట్. పెట్రోలు, చేతి గేర్లు, 1.2 ఇంజను, బరువు టన్నుకి కొంచెం లోపు. 2011లో వచ్చిన రెండో తరంలోది. సామాను మా తిరుపతిలో సందుకొక అంగట్లో దొరుకుతుంది, విప్పి బిగించే మెకానిక్కూ ప్రతి ఊళ్ళో ఉంటాడు. నేను పట్టుబట్టింది ఒక్కటే, ఏబీఎస్ ఉండాలని. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగు మాట వినేలా చేసేది అది. అప్పట్లో పై మోడళ్ళకే ఇచ్చేవాళ్ళు కాబట్టి వెతకడానికి నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరలో నేను నేర్చుకున్నది కాస్త చెప్పాలి, ట్రాక్‌తో పని లేనివాళ్ళకి కూడా పనికొస్తుంది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2021 నవంబరులో మా తిరుపతి మునిగింది, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. ఆ నీళ్ళల్లో నానిన కార్లు కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వస్తాయి. రేణిగుంట రోడ్డులో ఒక బండి మెరిసిపోతోంది, లోపల అత్తరు వాసన. నాకు ఆ వాసనే అనుమానం. ఎండిపోని బట్టలకి సెంటు కొట్టినట్టుంది. సీటుబెల్టు చివరిదాకా బయటికి లాగమన్నాను. రోజూ బయట ఉండే భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకునే భాగంలో మట్టిరంగు గీత. చీర అంచుకి వాననీటి మరక ఎట్లా ఉంటుందో అట్లా. వెనక డిక్కీలో స్టెప్నీ ఎత్తిస్తే గుంతలో ఎండిన ఒండ్రు. పాప నావైపు చూసిన చూపు! నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినందుకు ఇంత, ఇరవై ఆరేళ్ళు బట్టలు ఉతికినందుకు అంత.

మాకు కుదిరిన బండి పీలేరులో ఒక రిటైరైన మాస్టారుది. ఏపీ 03 నంబరు, 2012 మోడలు, ఎడమ తలుపుకి గీతలు. రెండు లక్షల అరవై వేలు. గీతలకి పాప మొహం చిట్లించింది, నాకైతే ఆ గీతలే నచ్చాయి. మొదటి గీత పడేటప్పటి ఏడుపు వేరేవాళ్ళు ఏడ్చేసి ఇచ్చారు కదా!

మిగిలిన డబ్బు ఎట్లా పెట్టాలన్నదానికి మళ్ళీ వాదన. పాపకి పెద్ద సైలెన్సరు, ఇంజనుకి ఏవేవో మార్పులు కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రోడ్డు మీద తిరిగే బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, అది ఒకటి. రెండోది, మా కొండ దిగేవాళ్ళకి చెప్పక్కర్లేని సంగతి. మొదటి ఘాట్‌లో అవ్వాచారి కోన దాటి దిగుతుంటే ఎప్పుడూ ఏదో ఒక కారు నుంచి మాడిన వాసన వస్తుంది చూశారా? కొత్తవాళ్ళు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు. బ్రేకు కాగి కాగి, చివరికి పెడలు తొక్కినా బండి ఆగదు. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగితే అదే అవుతుంది. బ్రేకు నూనె కూడా మూత తీసిన ఉప్పు డబ్బాలాగే, గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. చెమ్మ పట్టిన నూనె తొందరగా మరుగుతుంది, ఆవిరి నిండితే పెడలు మెత్తబడిపోతుంది. అందుకని ముందు పాత నూనె అంతా తీసేసి కొత్త డాట్ 4 పోయించాం, ప్యాడ్లు మార్పించాం. తరువాత నాలుగు మంచి టైర్లు. క్లచ్ పని. హెల్మెట్. ఏ గుర్తు ఉన్న హెల్మెట్ ఒప్పుకుంటారో నిర్వాహకులను ముందే అడిగి కొనాలి, మేము ఒకసారి కొని మార్చుకున్నాం. ఇవన్నీ కలిపి యాభై అయిదు వేలు దాటింది. ఇంజనుకి పైసా పెట్టలేదు. ఒక లక్ష "విరిగితే" అని రాసి విడిగా నా అకౌంటులో వేయించా. ఫీజులకి ముప్ఫై వేలు. సైలెన్సరు మాట మళ్ళీ ఎత్తలేదు.

పూజ అలిపిరి పాదాల మండపం దగ్గర చేయించాం. నిమ్మకాయలు తొక్కించాక అక్కణ్ణించి నేరుగా కాణిపాకం పదమన్నాను. మా జిల్లావాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం ఎవరూ చేయరు. ఘాట్ రోడ్డులో గానీ, హైవేలో గానీ మళ్ళీ ఆ చెట్టుకింద నిమిషాలు గడిపే పని చేయనని చెప్పమన్నాను. మావారికి ఏ చెట్టో, ఏ నిమిషాలో అర్థం కాలేదు, అక్కడే చెప్పాల్సి వచ్చింది. ఆయన కోప్పడబోయేలోపు పాప అంది, "నాన్న కూడా మలుపుల్లో ఓవర్‌టేక్ చేయనని చెప్తే నేనూ చెప్తా." ఆయన గుడి గోపురం వైపు చూశారు, నా వైపు చూశారు. చెప్పారు. ఇద్దరూ చెప్పారు.

కారు పుత్తూరులో మా ఆడపడుచు ఇంట్లో, పశువుల కొట్టం పక్కన ఉంటుంది. పాప ఉద్యోగానికీ మాకూ మధ్యలో ఊరు. "ఎముకలు విరిగితే కట్టు కట్టేదానికి కూడా దగ్గరే" అంది మా అత్త. పుత్తూరు కట్టు మీద ఆవిడకి అంత నమ్మకం.

మొదటి ఆటోక్రాస్‌కి నేనూ పోయా. చెన్నై శివార్లలో ఎర్రమట్టి మైదానం. ఎండ, దుమ్ము, నీడకి ఒక షామియానా. ఎనభై మంది మగవాళ్ళ మధ్య నలుగురు ఆడపిల్లలు. బాత్రూము ఎక్కడని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిర్వాహకులకి ఒక మాట: ఆడపిల్లలు రావడం లేదని బాధపడేముందు ఆ సంగతి చూడండి. పోటీకైతే మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ లైసెన్సు కావాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, అన్నీ అడుగుతారు. బాత్రూము మాత్రం మనం అడగాలి.

రెండోసారి తిరిగేటప్పుడు పాప ఒక మలుపులో తొందరపడింది. కారు వెనక భాగం పక్కకి జారి, గిర్రున తిరిగి, మట్టికట్టకి ముందు బంపరు కొట్టుకుంది. పెద్ద వేగం కాదు. నాకు ఆ క్షణంలో ఏమీ వినపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. దిగి వచ్చి, "నాదే తప్పు, మలుపులో యాక్సిలరేటర్ వదిలేసినా" అంది. వేలాడే బంపర్ని ప్లాస్టిక్ టాగ్‌లతో కట్టుకుని మధ్యాహ్నం మళ్ళీ దిగింది. అదే మలుపులో ఈసారి నిదానంగా తిరిగింది, గడియారంలో మాత్రం మూడు సెకన్లు తగ్గింది. ఆ సాయంత్రం బంపరు బిల్లు గురించి మాట్లాడుకున్నాం తప్ప ఎవరూ ఏడవలేదు. అది నాలుగు లక్షల డెబ్బై వేల కారై ఉంటే, అందులో ఇరవై వేలు అప్పై ఉంటే, ఆ మధ్యాహ్నం అది మళ్ళీ దిగేది కాదు.

తర్వాత ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ డేకి మావారు పోయారు, కొండమీద నుంచి సుమారు 130, 140 కిలోమీటర్లు. నగరి, తిరుత్తణి మీదుగా పోయి రాత్రికి తిరిగొచ్చి అన్నం తింటూ, "నాలుగు చుట్లు తిరిగి, ఒక చుట్టు మెల్లగా తిరిగి లోపలికొస్తాది, బ్రేకులు చల్లారేదానికంట. మన ఘాట్‌లో ఎవడైనా అంత ఓర్పుగా దిగితే..." అని ఆపేశారు. అంతకు మించి పొగిడే మనిషి కాదు.

అంతా సుఖాంతం అనుకోకండి. చిత్తూరు వైపు నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. కారు సంగతి వాళ్ళకి ఇప్పుడే చెప్పొద్దని బావగారు, చెప్పాల్సిందేనని పాప. చెప్పాం. ఆ తల్లి, "పెళ్ళయినాక మానేస్తాదిలెండి" అని నవ్వింది. పాప నవ్వలేదు. మళ్ళీ వాళ్ళు ఫోను చేయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటున్నా. ఐదు సవర్ల బంగారం గొలుసులుగా కళ్ళముందు ఆడింది. తప్పు చేశానా అనిపించింది. పొద్దున లేచి పాల ప్యాకెట్టుకి పోతూ ఆ చెట్టు, ఆ బస్సు, నన్ను దాటి పోయిన కారు గుర్తుచేసుకున్నా. గొలుసులు ఇంకోసారి కొనుక్కోవచ్చు.

మొన్న పుత్తూరు పోయినప్పుడు ముందు టైర్లు చూశాను. అంచులు అరిగిపోయాయి, ఇంకో రెండు సార్లకన్నా రావట. జనవరిలో నా చీటీ పాట వస్తుంది. దానితో ఏం చేయబోతున్నానో ఇంట్లో ఇంకా చెప్పలేదు, మా అత్త ఇది చదవదు కాబట్టి మీకు చెబుతున్నా.